చెక్కిలిరంగు కథ

ఒకే డబ్బీలోని లేత గులాబిరంగు పొడిని ఇద్దరు అక్కచెల్లెండ్రు చెక్కిళ్లకు పూసికొన్నారనుకొందము. అక్క పచ్చని మేనిచాయ కలది. చెల్లెలు నల్లని చాయ కలది. అక్క చెక్కిలిపై ఆ రంగు అప్పుడే విచ్చిన పూవువలె ఉండును. చెల్లెలి చెక్కిలిపై అదే పొడి బూడిద చల్లినట్లు వెలవెలబోవును. చూచినవారు “నీ చాయకు రంగులు నప్పవు” అని తేలికగా అనివేయుదురు. పొడిని తయారుచేసినవాడు ఏ చాయను దృష్టిలో నుంచుకొని దానిని కలిపెనో ఎవరును అడుగరు.

చెక్కిలికి పూసెడి ఎరుపును ఫ్రెంచివారు రూజ్ అందురు. వారి భాషలో ఆ మాటకు ఎరుపు అనియే అర్థము. నేడు అంగళ్లలో దానిని బ్లష్ అను పేరుతో అమ్ముచున్నారు. ఈ ఆంగ్లపదమునకు సిగ్గుచే ముఖము ఎర్రబారుట అని అర్థము. ఈ రెండు పేర్లను కలిపి చూచినచో ఆ వస్తువు యొక్క ప్రయోజనము బోధపడును: చెక్కిలిపై సహజముగా వచ్చు ఎరుపునకు ఇది ఒక అనుకరణము. అనుకరణమునకు మూలమైన ఆ సహజపు ఎరుపు అందరి ముఖముల మీదను ఒకే విధముగా కనిపించదని తెలిసికొనుటకు మానవజాతికి చాలా కాలము పట్టినది. ఈలోపల సీసము, పాదరసము వంటి విషములను పూసికొని ఎందరో ఆరోగ్యమును పోగొట్టుకొనిరి.

చెక్కిలి ఏల ఎర్రబారును?

చర్మములో రెండు ముఖ్యమైన పొరలు కలవు. పైది బాహ్యచర్మము. దాని క్రింద అంతశ్చర్మము. రక్తమును మోసెడి సన్నని కేశనాళికలు అంతశ్చర్మములో నుండును. ముఖమునందు, ముఖ్యముగా చెక్కిళ్లయందు, ఈ నాళికలు దట్టముగను చర్మోపరితలమునకు దగ్గరగను ఉండును. సిగ్గు, కోపము, వ్యాయామము, ఎండ వీనిలో ఏది కలిగినను స్వయంచోదిత నాడీమండలము ప్రేరేపింపగా రక్తనాళములు వ్యాకోచించును. రక్తము ఎక్కువగా ప్రవహించును. రక్తములోని హీమోగ్లోబిన్ ఆకుపచ్చని కాంతిని ఎక్కువగా పీల్చుకొని ఎర్రని కాంతిని వెనుకకు పంపును. అందువలన చెక్కిలి ఎర్రగా కనిపించును.

ఇక బాహ్యచర్మములో మెలనిన్ అను వర్ణద్రవ్యము కలదు. దీనిని తయారుచేయు కణముల సంఖ్య తెల్లవారిలోను నల్లవారిలోను దాదాపు సమానమే. అవి తయారుచేయు మెలనిన్ పరిమాణములోను, అది చర్మములో పరచుకొను విధములోను మాత్రమే భేదము. రక్తమును చేరవలసిన వెలుతురు ఒకసారి లోనికి పోవునప్పుడును, మరల పైకి వచ్చునప్పుడును మెలనిన్ పొరను దాటవలెను. మెలనిన్ తక్కువగా నున్నచో రక్తపు ఎరుపు గులాబివన్నెగా బయటపడును. ఎక్కువగా నున్నచో అది ఇటుకవన్నెగా, నేరేడుపండు వన్నెగా, లేక చర్మము కొంచెము నల్లబడినట్లుగా మాత్రమే తెలియును.

దీనిని గూర్చి ఒకప్పుడు పెద్ద అపోహ ఉండెడిది. నల్లవారి ముఖము ఎర్రబారుట కనబడదు కనుక వారికి సిగ్గే లేదని ఐరోపాలో కొందరు వాదించిరి. 1839లో థామస్ బర్జెస్ అను ఆంగ్ల వైద్యుడు ముఖము ఎర్రబారుటను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. ఒక నల్లజాతి స్త్రీ ముఖముపై పాతగాయపు మచ్చ ఉండెడిది. మచ్చలో మెలనిన్ లోపించి యుండుటచేత, ఆమెను హఠాత్తుగా ఎవరైన మందలించినప్పుడెల్ల ఆ మచ్చ ఎర్రబారుటను ఆయన గమనించెను. 1872లో చార్లెస్ డార్విన్ భావప్రకటనములను గూర్చి వ్రాసిన గ్రంథములో ఈ విషయమును ఉదహరించెను. ఆయన ప్రపంచమునందలి అనేక ప్రాంతముల వారికి ప్రశ్నలు పంపి సమాధానములు సేకరించెను. కలకత్తా వృక్షోద్యానము నుండి స్కాట్ అను నతడు లెప్చా జాతివారి చెక్కిళ్లు, చెవుల మొదళ్లు సిగ్గుచే ఎర్రబారుట చూచినట్లు తెలిపెను. ముఖము ఎర్రబారుట మానవులందరికిని ఉమ్మడి లక్షణమనియు, చర్మపు వన్నెను బట్టి అది కనబడుటలో మాత్రమే భేదమనియు డార్విన్ నిశ్చయించెను.

మచ్చ చెప్పిన ఈ పాఠమును వైద్యులు వేరొక విధముగా నిత్యము పాటించుచున్నారు. రక్తహీనత కలదేమో చూచుటకు వారు చెక్కిలిని చూచి ఊరకుండరు. క్రింది కనురెప్పను దించి లోపలి భాగమును, నాలుకను పరీక్షింతురు. అచ్చట మెలనిన్ అడ్డు తక్కువ.

మట్టిలోని ఎరుపు

ముఖమునకు పూసిన మొదటి ఎరుపు నేల నుండి వచ్చినది. ఇంటి అరుగులకును గోడలకును మన పల్లెలలో పూసెడి జేగురు ఇదియే. రసాయనముగా ఇది ఇనుప ఆక్సైడు. దక్షిణాఫ్రికాలోని బ్లాంబస్ గుహలో సుమారు 1,00,000 సంవత్సరముల క్రిందట మానవులు జేగురురాతిని నూరి, ఎముకమూలుగతోను బొగ్గుతోను కలిపి, పెద్ద నత్తగుల్లలలో దాచిన రంగు దొరకినది. 2011లో ఈ సంగతి ప్రకటింపబడినది. ప్రాచీన ఈజిప్టులోను జేగురును ముఖాలంకరణమునకు వాడిరి.

జేగురు నిరపాయకరమైనది. నేటికిని చెక్కిలిరంగులలో ఇనుప ఆక్సైడు ముఖ్యమైన వర్ణకము. డబ్బీలపై సి.ఐ. 77491 అను సంఖ్య కనబడినచో అది ఎర్రని ఇనుప ఆక్సైడు అని గ్రహింపవలెను. వేల ఏండ్ల నాటి మట్టిరంగు శుద్ధమైన రూపములో మరల చెక్కిలికి చేరినదన్నమాట. కాని నడుమ చాలా కథ నడచినది. జేగురులో కొంచెము గోధుమవన్నె కలదు. అంతకంటె మెరుగైన ఎరుపు కావలెనని మానవుడు వెదకసాగెను.

ఎర్రని విషము, తెల్లని విషము

ఆ వెదకులాటలో దొరకినది ఇంగిలీకము. ఇది పాదరసము, గంధకము కలసిన ఖనిజము. దీని ఎరుపు కన్నులు మిరుమిట్లు గొలుపును. రోమను సామ్రాజ్యమునకు ఇది స్పెయిన్ గనుల నుండి వచ్చెడిది. క్రీ.శ. మొదటి శతాబ్దికి చెందిన ప్లీనీ అను రోమను రచయిత ఇంగిలీకమును నూరెడి పనివారు దాని ధూళి లోపలికి పోకుండ ముఖములకు జంతువుల మూత్రాశయపు తోలుతో చేసిన తొడుగులు ధరించెడివారని వ్రాసెను. నూరువారికి అపాయము తెలిసినను, పూసికొనువారు మాత్రము మానలేదు.

ఎరుపునకు తోడు తెలుపు వచ్చినది. సీసపు రేకులను పుల్లని ద్రాక్షసారపు ఆవిరిలో నుంచినచో పైన తెల్లని పెచ్చు కట్టును. దానిని గోకి నూరినచో సఫేదా అగును. ఇది సీసపు క్షార కార్బొనేటు. గ్రీకు రచయిత జెనోఫన్ క్రీ.పూ. నాల్గవ శతాబ్దిలో వ్రాసిన గృహనిర్వహణ గ్రంథములో ఒక భర్త తన భార్య ముఖమునకు సఫేదా పూసికొని తెల్లగా, అల్కనెట్ అను మొక్క వేరు రంగు పూసికొని ఎర్రగా కనబడుటను ఆక్షేపించును. కనుక 2,300 సంవత్సరములకు పూర్వమే ఒక పద్ధతి స్థిరపడినది: ముందు ముఖమంతయు తెల్లగా కప్పివేయుట, పిదప ఆ తెలుపుపై ఎరుపు దిద్దుట.

ఈ పద్ధతిలో ముఖము గోడ వంటిదైనది. సున్నము కొట్టి రంగు వేసినట్లు, సహజమైన చాయ ఏదియైనను అది కనబడకుండ పోవును. అట్టి తెల్లని గోడపై ఏ ఎరుపైనను నప్పును. కావున ఎవరి చాయకు ఏ రంగు తగునను ప్రశ్నకు అవకాశమే లేకపోయెను. 18వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు వెర్సాయి రాజసభలో ఈ పద్ధతి పరాకాష్ఠ నందుకొనెను. ఉన్నత వంశములవారు తెల్లని ముఖములపై గుండ్రని ఎర్రబిళ్లలవలె రూజ్ పూసికొనెడివారు. అది సహజముగా కనబడవలెనని వారి ఉద్దేశమే కాదు. అది హోదాకు గుర్తు.

దీనికి చెల్లించిన మూల్యము ఎక్కువ. సీసము చర్మమును పాడుచేయును. శరీరములో చేరి నరములను, మూత్రపిండములను, రక్తమును దెబ్బతీయును. పాడైన చర్మమును కప్పుటకు మరింత సఫేదా, దానిపై మరింత ఎరుపు కావలసివచ్చెడిది. ఇంగ్లండులో సౌందర్యవతిగా పేరొందిన కవెంట్రీ ప్రభుపత్ని మారియా గన్నింగ్ 1760లో ముప్పది యేండ్లు నిండకముందే మరణించెను. ఆమె పూసికొన్న సీసపు రంగులే అందుకు కారణమని నాడే చెప్పుకొనిరి.

మన దేశమునకు కూడ ఇట్టి అనుభవము లేకపోలేదు. పూర్వము వీధినాటకములలోను యక్షగానములలోను నటులు ముఖమునకు అర్దళము పూసికొనెడివారు. దాని పసుపువన్నె దివిటీల వెలుతురులో చక్కగా మెరయును. కాని అర్దళము ఆర్సెనిక్ గంధకముల సమ్మేళనము. సిందూరమను పేరున వాడెడి ఎర్రపొడి కూడ పెక్కుచోట్ల సీసపు ఆక్సైడే. అయితే నిత్యజీవితములో మన అలంకరణపద్ధతి వేరుగా నుండెడిది. చెక్కిలికి ఎరుపు పులుముటకంటె, చందనముతోను కస్తూరితోను కుంకుమపూవుతోను మకరికాపత్రములను సన్నని గీతలుగా దిద్దుటను మన కావ్యములు వర్ణించుచున్నవి. ఎరుపు పాదములకు చేరినది. పెండ్లిలో పాదములకు పెట్టెడి పారాణి పసుపు, సున్నము కలిపినది. పసుపులోని కర్కుమిన్ క్షారమునందు ఎర్రబారును. ప్రయోగశాలలో ఉపాధ్యాయుడు చూపెడి సూచిక కాగితమును, పెండ్లికూతురి పాదమును ఒకే రసాయనధర్మము ఎర్రబరచుచున్నది.

పూవులోని ఎరుపు

విషము లేని మంచి ఎరుపు తూర్పుదేశములలో కుసుమపూవునందు దొరకినది. మన రాయలసీమలోను తెలంగాణములోను నూనెగింజల కొరకు పండించెడి ముండ్ల కుసుమ మొక్క ఇదియే. దాని రేకులలో రెండు రంగులు కలవు. పసుపురంగు నీటిలో కరగును. కార్తమిన్ అను ఎరుపురంగు నీటిలో కరగదు కాని క్షారములో కరగును. రేకులలో దాని పాలు నూటికి ఒక వంతు కూడ ఉండదు.

చీనా, జపాను దేశములవారు దీనిని వేరుచేయు ఉపాయమును ఏనాడో కనుగొనిరి. ముందు రేకులను నీటిలో మరల మరల పిసికి పసుపును తొలగింతురు. పిదప కట్టెబూడిద నీటిలో నానవేసి ఎరుపును కరగింతురు. బూడిదనీరు క్షారము కదా. చివరకు పుల్లని పండ్లరసము పోయగా క్షారము విరిగి, ఎరుపు గుడ్డపైకి దిగును. జపానులో ఈ రంగును బెని అందురు. చిన్న పింగాణి గిన్నె లోపల దానిని పూసి ఆరబెట్టి అమ్మెడివారు. పొర దళసరిగా నున్నచో అది ఆకుపచ్చని లోహపు మెరపును చూపును. తడివ్రేలితో తాకినచో ఎరుపు బయటపడును. ఐరోపాలో కుసుమ ఎరుపును మెత్తని బలపపు రాతిపొడిలో కలిపి శాకరూజ్ అను పేరుతో అమ్మిరి. నేటి పొడిరూపపు చెక్కిలిరంగులకు ఇది ఒక పూర్వరూపము.

కార్తమిన్ నిర్మాణమును గూర్చి పరిశోధించిన వారిలో చికా కురోడా అను జపాను రసాయనిక శాస్త్రజ్ఞురాలు ముఖ్యురాలు. 1913లో జపానులోని తొహోకు విశ్వవిద్యాలయము మొట్టమొదటిసారిగా ముగ్గురు స్త్రీలను చేర్చుకొన్నప్పుడు ఆమె అందులో ఒకరు. 1918లో ఆమె షికోనిన్ అను వేరురంగు నిర్మాణమును ప్రకటించెను. జెనోఫన్ కాలపు గ్రీకు స్త్రీ పూసికొన్న అల్కనెట్ వేరులోని రంగును, ఈ షికోనిన్‌ను అద్దములో బింబప్రతిబింబముల వంటి అణువులు. ఒకదానికొకటి తెలియని రెండు దేశముల అలంకరణములు అణురూపములో ఇట్లు కలసినవి.

పురుగులోని ఎరుపు

1521లో స్పెయిన్‌వారు మెక్సికోను జయించినప్పుడు అచ్చటి అంగళ్లలో ఒక అద్భుతమైన ఎరుపును చూచిరి. అది నాగజెముడు మొక్కలపై బ్రదుకు కొచినీల్ అను చిన్న పురుగు నుండి వచ్చునది. మన లక్కపురుగునకు ఇది దూరపు బంధువు. ఆడపురుగులను ఏరి ఎండబెట్టినచో వాని బరువులో సుమారు అయిదవ వంతు కార్మినిక్ ఆమ్లము ఉండును. ఒక పౌను సరకునకు దాదాపు 70,000 పురుగులు కావలెను. ఈ ఆమ్లమును పటికతోను సున్నపు లవణములతోను కలిపినచో కార్మిన్ అను వర్ణకము ఏర్పడును. నిప్పువంటి ఎరుపు, విషము లేదు. ఐరోపా చెక్కిళ్లపై ఇంగిలీకమునకు పోటీగా ఇది నిలచినది.

స్పెయిన్‌వారు ఈ పురుగు రహస్యమును చాలాకాలము దాచిరి. దానిని ఎట్లయినను సంపాదింపవలెనని ఇతర దేశములవారు ప్రయత్నించిరి. ఆ ప్రయత్నము మన దక్షిణదేశము వరకు వచ్చినది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడైన జేమ్స్ ఆండర్సన్ 1786 నుండి ఈ విషయమై లండనులోని సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉత్తరములు వ్రాసెను. సైదాపేటలో నాగజెముడు తోటను పెంచిరి. తుదకు 1795లో బ్రెజిల్ నుండి పురుగులు కలకత్తాకు చేరినవి. కాని అవి మేలుజాతి కొచినీల్ కావు. అడవిజాతివి. రంగు తక్కువ. వ్యాపారము సాగలేదు.

అయితే ఆ పురుగులు ఒక జాతి నాగజెముడును తిని నశింపజేసినవి. ఇది గమనించి 1836-38 ప్రాంతమున వానిని దక్షిణ భారతమునకు తెచ్చి, పొలముల నాక్రమించిన ఆ మొక్కపై విడిచిరి. కలుపుమొక్కను కీటకముచే నిర్మూలింప బుద్ధిపూర్వకముగా చేసిన మొదటి ప్రయత్నములలో ఇది ఒకటిగా శాస్త్రజ్ఞులు పేర్కొందురు. మరియొక జాతి నాగజెముడుపై 1926లో వేరొకజాతి కొచినీల్ పురుగును తెచ్చి విడిచిరి. చెక్కిలికి ఎరుపు కొరకు బయలుదేరిన ప్రయత్నము రైతునకు ఉపకారమై ముగిసినది.

కార్మిన్ నేటికిని వాడుకలో నున్నది. దాని సంఖ్య సి.ఐ. 75470. కొందరికి అది పడదు. అందుచేత అమెరికాలో దాని పేరును చీటీపై స్పష్టముగా అచ్చు వేయవలెనని 2009లో నియమము చేసిరి. జంతుసంబంధమైన పదార్థములను వాడనివారికి కూడ ఈ సంఖ్యను గుర్తించుట ఉపయోగకరము.

కర్మాగారము, చట్టము

19వ శతాబ్ది రెండవ భాగములో తారునుండి వచ్చిన కృత్రిమ వర్ణములు బయలుదేరినవి. 1870 తరువాత జర్మనీలో హైన్రిక్ కారో తయారుచేసిన ఈయోసిన్ అను ఎరుపు తరువాతికాలమున పెదవిరంగులకును చెక్కిలిరంగులకును ఎక్కినది. అదే కాలమున, 1873లో, బెర్లినులో లుడ్విగ్ లైక్నర్ అను సంగీతనాటక గాయకుడు సీసము లేని రంగస్థలపు రంగులను తయారుచేయ నారంభించెను. తోటినటులు సీసపు రంగులచే బాధపడుటయే అందుకు కారణము.

మంచివారు మంచిరంగులు చేసిరి. కాని చెడురంగులను ఆపుటకు చట్టము కావలసియుండెను. అమెరికాలో 1906 నాటి ఆహారౌషధ చట్టము ముఖాలంకరణ వస్తువుల జోలికి పోలేదు. 1933లో కనురెప్ప వెండ్రుకలకు వేసెడి ఒక రంగుచే స్త్రీలకు చూపు పోయిన సంఘటనలు దేశమును కలవరపెట్టినవి. 1938లో క్రొత్త చట్టము వచ్చి అలంకరణ వస్తువులను కూడ ప్రభుత్వ పరిధిలోనికి తెచ్చెను. మన దేశములో 1940 నాటి ఔషధ చట్టమును 1962లో సవరించి అలంకరణ వస్తువులకు వర్తింపజేసిరి. సీసము, ఆర్సెనిక్ సమ్మేళనములను రంగు కొరకు వాడరాదని నియమము చేసిరి. 2020లో ఈ వస్తువులకు ప్రత్యేక నియమావళి ఏర్పడినది. పాదరసమునకు కూడ కఠినమైన పరిమితి కలదు.

ఈ విధముగా విషమను మొదటి సమస్య చాలవరకు తీరినది. చాయ అను రెండవ సమస్య మిగిలినది.

చాయ ప్రశ్న

ఈ ప్రశ్నను ముందుకు తెచ్చిన వానిలో చలనచిత్రము ఒకటి. తొలినాటి ఫిల్ము ఎర్రని కాంతిని గ్రహింపలేదు. తెరపై ఎరుపు నలుపుగా కనబడెడిది. చెక్కిలికి ఎరుపు పూసికొన్న నటి తెరమీద బుగ్గలు లోపలికి పోయినదానివలె ఉండెడిది. ఏ రంగు ఎట్లు కనబడునో వెలుతురును, ఫిల్మును, చర్మమును కలిపి లెక్కింపక తప్పలేదు. పోలండు నుండి 1904లో అమెరికా చేరిన మాక్స్ ఫాక్టర్ 1914లో సినిమా కొరకు ప్రత్యేకమైన ముఖరంగును తయారుచేసెను. అన్ని రంగులను గ్రహింపగల క్రొత్త ఫిల్ము వచ్చినప్పుడు 1928లో దానికి తగిన రంగులను రూపొందించెను. ముఖమునకు, జుట్టునకు, కన్నులకు పొందిక కలుగునట్లు పొడిని, రూజ్‌ను, పెదవిరంగును ఎన్నుకొనవలెనని ఆయన ప్రచారము చేసెను. కాని ఆ పొందికపట్టికలలో ప్రధానస్థానము తెల్లచర్మపు భేదములదే.

నల్లవారి కొరకు పని చేసినవారు నల్లవారే. ఆంథొనీ ఓవర్టన్ 1898లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో సంస్థను స్థాపించి, గోధుమవన్నె చర్మమునకు తగిన ముఖచూర్ణమును అమ్మెను. 1973లో యూనిస్ జాన్సన్ నల్లజాతి స్త్రీల కొరకు ఫ్యాషన్ ఫెయిర్ అను పేరుతో రంగులను అంగళ్లకు తెచ్చెను. చర్మపు వన్నెను కొలుచుటలోను ఇట్టి మార్పే వచ్చినది. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అను వైద్యుడు ఎండకు చర్మము ప్రవర్తించు తీరును బట్టి చేసిన వర్గీకరణములో మొదట తెల్లచర్మములే ఉండెను. నల్లచర్మముల తరగతులు తరువాత చేరినవి. 2022లో సామాజిక శాస్త్రజ్ఞుడు ఎల్లిస్ మంక్ రూపొందించిన 10 మెట్ల కొలబద్ద వెలువడినది. అందులో ముదురుచాయలకు తగిన చోటు లభించినది.

బూడిదవన్నె రహస్యము

ఇప్పుడు మొదటి అక్కచెల్లెండ్ర కథకు తిరిగి రావచ్చును. లేత గులాబిరంగు చేయుటకు ఎరుపులో తెలుపు కలుపుదురు. ఆ తెలుపు సాధారణముగా టిటానియం డయాక్సైడు. దాని సంఖ్య సి.ఐ. 77891. ఇది తనపై పడిన అన్ని రంగుల కాంతిని చెదరగొట్టి వెనుకకు పంపును. లేతచర్మము కూడ చాలా కాంతిని వెనుకకు పంపునది కనుక ఈ తెలుపు అందులో కలసిపోయి ఎరుపు మాత్రమే తెలియును. ముదురుచర్మముపై తెలుపు విడిగా కనబడును. గోధుమవన్నెపై పలుచని తెలుపు పడినచో కంటికి బూడిదవలె తోచును. చెల్లెలి చెక్కిలిపై జరిగినది ఇదియే. సఫేదా కాలము గడచినను, తెల్లని గోడపై రంగు వేయు ఆలోచన మాత్రము డబ్బీలో మిగిలిపోయినది.

ముదురుచాయకు తెలుపు తక్కువగను వర్ణకము ఎక్కువగను గల రంగు కావలెను. డబ్బీలో చూచినప్పుడు అది భయపెట్టునంత ముదురుగా నుండవచ్చును. చర్మముపై పలుచగా పరచినప్పుడు అదే సహజముగా నుండును.

తగిన రంగును ఎన్నుకొనుట

పై విషయములను బట్టి కొన్ని సులభమైన సూత్రములు ఏర్పడును. వేగముగా కొంతదూరము నడచి వచ్చి, పగటివెలుతురులో అద్దము చూచుకొనవలెను. అప్పుడు చెక్కిలిపై ఏ ఎరుపు తోచునో అదియే ఆ ముఖమునకు తగిన రంగు. అది తెలియనంత ముదురుచాయ అయినచో పెదవి లోపలివైపు వన్నెను చూడవలెను. మిక్కిలి లేతచాయకు లేత గులాబి, పచ్చనిచాయకు పగడపు వన్నె, చామనచాయకు ముదురు గులాబి లేక ఇటుకవన్నె, నల్లనిచాయకు దానిమ్మగింజ లేక నేరేడుపండు వన్నె సాధారణముగా నప్పును.

రంగును విద్యుద్దీపపు వెలుతురులో కొనరాదు. పసుపువెలుతురు నీలివన్నెను అణచి ఎరుపును మార్చి చూపును. పొడిచర్మము కలవారికి వెన్నవంటి రంగును, జిడ్డుచర్మము కలవారికి పొడిరంగును మేలు. వెన్నరంగును పౌడరునకు ముందును, పొడిరంగును పౌడరునకు పిమ్మటను వేయవలెను. చిరునవ్వు నవ్వినప్పుడు ఉబ్బెడి చెక్కిలిభాగమున కొద్దిగా అంటించి, మెత్తని కుంచెతో కణతవైపు పలుచన చేయవలెను. సహజపు ఎరుపునకు అంచులుండవు. కనుక పూసిన రంగునకు అంచు కనబడరాదు. క్రొత్తరంగును ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా పూసి ఒకదినము చూచుట మంచిది. పేరు, తయారీదారు, కలిపిన పదార్థముల జాబితా లేని డబ్బీని కొనకుండుట అంతకంటె మంచిది.

ఉపాధ్యాయులు ఈ కథలోని రెండు ప్రయోగములను తరగతిలో సులభముగా చూపవచ్చును. పసుపునీటిలో సున్నపుతేట పోసి పారాణి ఎరుపును చూపవచ్చును. దానిలో నిమ్మరసము పిండినచో మరల పసుపు వచ్చును. రెండవది, ఒక తెల్లకాగితముపైనను ఒక గోధుమరంగు అట్టపైనను ఒకే గులాబిరంగు సుద్దముక్కతో రుద్ది ప్రక్కప్రక్కన నిలుపవచ్చును. తెల్లకాగితముపై గులాబియును, అట్టపై బూడిదవన్నెయు పిల్లలు తమంతట తామే చెప్పుదురు. అప్పుడు ఏ బాలికకైనను “నీ చాయకు రంగులు నప్పవు” అని ఎవరైన అన్నచో, ఆ మాట తన చర్మమును గూర్చినది కాదనియు, సుద్దముక్కలోని తెలుపును గూర్చినదనియు ఆమెకు తెలిసియుండును.